నాబ్‌లన్నీ 12 గంటల దగ్గర పెట్టి యాంప్‌లను పోల్చకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మోడలింగ్ యాంప్‌లో, అంటే రకరకాల గిటార్ యాంప్‌ల స్వరాలను అనుకరించే డిజిటల్ యాంప్‌లో, ఫెండర్ ట్విన్, వాక్స్ ఏసీ30 టాప్ బూస్ట్, మార్షల్ ప్లెక్సీ, మెసా బూగీ రెక్టిఫైయర్ ప్రీసెట్లను ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకున్నారు. నాబ్‌లన్నీ 12 గంటల దగ్గర, అంటే సరిగ్గా మధ్యలో, ఉంచి ఫెండర్ స్ట్రాట్ గిటార్‌తో వాయించారు. ట్విన్ తీయగా ఉంది, రెక్టిఫైయర్ అదిరిపోయింది, ప్లెక్సీ చెవుల్లో గుచ్చుకుంది, ఏసీ30కీ ట్విన్‌కీ పెద్ద తేడా కనపడలేదు. ఇక అసలైన ట్యూబ్ యాంప్ కొందామంటే ఫెండర్ వైపు వెళ్లాలా, వాక్స్ వైపా, మార్షల్ వైపా అని సందేహం.

మీ చెవికేం కాలేదు. పోల్చిన పద్ధతే తప్పు. మీరు విన్నది నాలుగు యాంప్‌లను కాదు. నాలుగు వేర్వేరు క్యాబినెట్లను (స్పీకర్ పెట్టెలను), నాలుగు వేర్వేరు శబ్ద స్థాయుల్లో విన్నారు. పైగా నాబ్‌లను ఏ రెండు యాంప్‌లలోనూ ఒకే పని చెయ్యని చోట పెట్టి విన్నారు. ముందు ఆ నాబ్‌ల సంగతి చూద్దాం, ఎందుకంటే అసలు గందరగోళం అక్కడే మొదలైంది.

నాబ్ మధ్యలో ఉంటే పెంచిందీ లేదు, తగ్గించిందీ లేదు అనుకోవడం హోమ్ థియేటర్ దగ్గర అబ్బిన అలవాటు. గిటార్ యాంప్‌లో ట్రెబుల్, మిడిల్, బేస్ నాబ్‌లు కలిసి ఉండే సర్క్యూట్‌ను టోన్ స్టాక్ అంటాం. మూడు పాట్‌లు (నాబ్ తిప్పితే విలువ మారే రెసిస్టర్లు), మూడు కెపాసిటర్లు, ఒక స్లోప్ రెసిస్టర్, అంతే. దానికి కోయడం తప్ప పెంచడం రాదు. ఎక్కడ ఎంత కోస్తుందన్నది విలువలను బట్టి ఉంటుంది. 1963లో వచ్చిన నల్ల ప్యానెల్ 'బ్లాక్‌ఫేస్' ఫెండర్లలో (ట్విన్ ఆ కోవదే) స్లోప్ రెసిస్టర్ 100 కిలో ఓమ్‌లు, ట్రెబుల్ కెపాసిటర్ 250 పికోఫారడ్‌లు. నాబ్‌లు మధ్యలో ఉంటే సుమారు 400-500 హెర్ట్జ్ దగ్గర లోతైన గుంట పడుతుంది. ప్లెక్సీలో అదే రెసిస్టర్ 33 కిలో ఓమ్‌లు, కెపాసిటర్ దాదాపు 500 పికోఫారడ్‌లు. గుంట లోతు తగ్గి, 600-700 హెర్ట్జ్ వైపు జరుగుతుంది. అంటే రెండు యాంప్‌లలోనూ మిడిల్ 5 మీద పెట్టినా, మార్షల్ నుంచి మిడ్స్ ఎక్కువ బయటికి వస్తాయి. ట్విన్‌లో టోన్ స్టాక్‌ను సమతలానికి దగ్గరగా తేవాలంటే బేస్ 2, ట్రెబుల్ 2, మిడిల్ 10 పెట్టాలి. అక్కడ మిడిల్ 10 అంటే మిడ్స్ పెంచడం కాదు, ఉన్న గుంటను పూడ్చడం. ఫెండర్‌దే చిన్న యాంప్ డీలక్స్ రివర్బ్‌లోనైతే మిడిల్ నాబే లేదు, దాని స్థానంలో 6.8 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి బిగించి ఉంటుంది. ట్విన్ నాబ్ మీద లెక్క చూస్తే 6-7 మధ్య పెట్టి వదిలేసినట్టు.

టాప్ బూస్ట్ వాక్స్‌లో కూడా మిడిల్ ఉండదు. ట్రెబుల్, బేస్ రెండూ పైకి తిప్పేకొద్దీ మధ్యలో గుంట పెద్దదవుతుంది. మిడ్స్ కావాలంటే రెండింటినీ కిందికి దించాలి. ఇక 'కట్' అనే నాబ్ పవర్ సెక్షన్‌లో ఉంటుంది, అది తిరగేసి పనిచేస్తుంది. కుడివైపు తిప్పితే ట్రెబుల్ తగ్గుతుంది. మీరు అన్నీ 12 గంటల దగ్గర పెట్టడంతో ఏసీ30 పైన మెరుపు సగం కోసేసి, మధ్యలో గుంట తవ్వేసి, దాన్ని దాదాపు ట్విన్‌లా తయారుచేశారు. తేడా తెలియకపోవడంలో వింతేముంది?

ప్లెక్సీ గుచ్చుకోవడానికి కారణం వేరు. ప్లెక్సీల్లో ఒకటైన సూపర్ లీడ్ బ్రైట్ ఛానెల్‌లో వోల్యూమ్ పాట్ మీద 5000 పికోఫారడ్‌ల బ్రైట్ కెపాసిటర్ ఉంటుంది. వోల్యూమ్ తక్కువలో ఉన్నప్పుడు మిగతా సిగ్నల్‌ను పాట్ ఆపేస్తుంది, ట్రెబుల్ మాత్రం ఈ కెపాసిటర్ గుండా పక్కదారిన దూకి వెళ్లిపోతుంది. వోల్యూమ్ పెంచేకొద్దీ పాట్ దాటే దారి ఎలాగూ తెరుచుకుంటుంది కాబట్టి కెపాసిటర్ ప్రభావం మాయమవుతుంది. అందుకే 3 మీద సూదిలా ఉన్న యాంప్ 7 మీద దళసరిగా మారుతుంది. ఇది లోపం కాదు, ఆ యాంప్‌ను గట్టిగా వాయిస్తారన్న లెక్కతోనే అలా పెట్టారు. మార్షల్‌దే తర్వాతి యాంప్ జేసీఎం800 2203లో ఇదే పని చేసే కెపాసిటర్ 1000 పికోఫారడ్‌లు, కాబట్టి గెయిన్ (దాని మీద ప్రీయాంప్ అని ఉంటుంది) 3 కింద అదీ పలచగా, కరుకుగా ఉంటుంది. డీలక్స్ రివర్బ్ రెండో ఛానెల్‌లోనూ ఒకటుంది, కానీ 47 పికోఫారడ్‌లే, చిన్న మెరుపు తప్ప గుచ్చదు. మీ ప్రీసెట్లో వోల్యూమ్‌ను 6-7కి తెచ్చి, శబ్దం తగ్గించాలంటే ఔట్‌పుట్ లెవెల్ తగ్గించండి, వోల్యూమ్ కాదు. ప్రెజెన్స్ (పై స్వరాల మెరుపు మార్చే నాబ్) 3కి దించండి. అదే ప్లెక్సీ వేరే మనిషిలా మాట్లాడుతుంది.

టోన్ స్టాక్ ఎక్కడ కూర్చుందన్నది కూడా చూడాలి. డిస్టార్షన్ (స్వరం చిట్లడం) పుట్టే చోటుకు ముందు ఉంటే, అక్కడ మీరు కోసింది డిస్టార్షన్ స్వభావాన్నే మారుస్తుంది. తర్వాత ఉంటే, తయారైన డిస్టార్షన్‌కు రంగు మారుతుంది, అంతే. మెసా బూగీ మార్క్ సిరీస్‌లో అది ముందే ఉంటుంది. అందుకే ఆ యాంప్‌లో బేస్‌ను 1-2 మీద ఉంచుతారు. 5 మీద పెడితే లావు తీగ మీద పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగను అణచి మీటడం) కొట్టినప్పుడు బురదలో కాలేసినట్టు బుసబుసలాడుతుంది. పోయిన బేస్‌ను చివర్లో ఉండే 5 పట్టీల గ్రాఫిక్ ఈక్వలైజర్‌తో తిరిగి తెస్తారు. 80, 240, 750, 2200, 6600 హెర్ట్జ్‌లలో 80ని కాస్త ఎత్తి, 750ని దించితే వచ్చే V ఆకారం ఆ యాంప్ ముద్ర. అదే కంపెనీ రెక్టిఫైయర్‌లో టోన్ స్టాక్ గెయిన్ దశల తర్వాత ఉంటుంది. బేస్ 5 పెట్టినా డిస్టార్షన్ చెదరదు, గదిలో గోడలు మాత్రం అదురుతాయి. ఒకే కంపెనీ యాంప్‌లు రెండింటిలో ఒకే నాబ్‌కు అర్థం ఇంతగా మారుతుంటే, కంపెనీలు మారినప్పుడు 12 గంటల సూత్రం ఎలా నిలుస్తుంది?

మరి యాంప్‌ల మధ్య నిజమైన తేడా ఎక్కడ? స్వరం చిట్లడం మొదలయ్యే చోట. దాన్నే బ్రేకప్ అంటాం. పూర్తి క్లీన్‌లో (అసలు చిట్లని స్వరంలో) ఏ మంచి యాంప్‌నైనా ఈక్వలైజర్‌తో ఇంకోదానికి చాలా దగ్గరగా తేవచ్చు. మెల్లగా మీటితే క్లీన్‌గా, గట్టిగా మీటితే చిట్లుతూ ఉండే ఆ అంచు మీద మాత్రం ఒకదాన్ని ఇంకోదానిలా చెయ్యలేం.

డీలక్స్ రివర్బ్ 22 వాట్లు, రెండు 6వీ6 ట్యూబులు, ఒక 12 అంగుళాల స్పీకర్. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ ఉంటుంది, అంటే స్పీకర్ దగ్గరి సిగ్నల్లో కొంత వెనక్కి పంపి తప్పులు దిద్దుకుంటుంది. అందుకే చాలాసేపు శుభ్రంగా ఉండి, దిద్దుకునే శక్తి అయిపోయాక ఒక్కసారిగా విరుగుతుంది. స్ట్రాట్‌తో వోల్యూమ్ 4-5 దగ్గర ఆ అంచు దొరుకుతుంది. అక్కడికి వెళ్లాక బేస్‌ను 3కి దించకపోతే ముద్దగా అవుతుంది. ట్విన్ 85 వాట్లు, నాలుగు 6ఎల్6లు. దాని అంచును ఇంట్లో చేరాలనుకోవద్దు, పక్కింటివాళ్లు ముందు చేరతారు. ట్విన్ అంటే క్లీన్, పెడల్స్‌కు మంచి నేల. దాని గురించి ఇంతకు మించి చెప్పాల్సింది లేదు.

ఏసీ30లో నాలుగు ఈఎల్84లు, క్యాథోడ్ బయాస్ (ట్యూబులు తమ విశ్రాంతి కరెంటును తామే సర్దుకునే పద్ధతి), నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అసలు లేదు. ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతపు డార్ట్‌ఫర్డ్‌లో, వాక్స్ యాంప్‌లు తయారుచేసిన జేఎంఐ కంపెనీకి డిక్ డెన్నీ దీన్ని రూపొందించాడు. టాప్ బూస్ట్ మొదట వెనక తగిలించే అదనపు సర్క్యూట్‌గా వచ్చి, తర్వాత యాంప్‌లో భాగమైపోయింది. ఫీడ్‌బ్యాక్ లేనందువల్ల రెండు పనులు జరుగుతాయి. మొదటిది, చిట్లడం హఠాత్తుగా రాదు, సన్నగా మొదలై మెట్టుమెట్టుగా ఎక్కుతుంది. పూర్తి క్లీన్ అనుకున్న చోట కూడా కొంచెం పొడి రాలుతూనే ఉంటుంది. రెండోది, స్పీకర్‌ను యాంప్ గట్టిగా పట్టుకోదు కాబట్టి స్పీకర్ తన సహజమైన ఊపుతో కదులుతుంది, కింద రెజొనెన్స్, పైన మెరుపు రెండూ ఉబికి వస్తాయి. ఓపెన్ కార్డ్ ఒకటి మీటి వదిలేయండి. ట్విన్‌లో ఆరు తీగలూ విడివిడిగా మెల్లగా ఆరిపోతాయి. ఏసీ30లో అన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ, చిన్న గంటల గుత్తి కదిపినట్టు కలిసి మోగుతాయి. తేడా వినాల్సింది మీటిన క్షణంలో కాదు, ఆ తర్వాతి రెండు సెకన్లలో.

యాంప్‌ల మధ్య తేడా ఎక్కడన్న ప్రశ్నకు మార్షల్ పుట్టుకే సగం జవాబు. 1962లో పడమటి లండన్‌లో హాన్‌వెల్‌లోని జిమ్ మార్షల్ దుకాణంలో తయారైన జేటీఎం45, ఫెండర్ బాస్‌మన్ 5ఎఫ్6-ఏ సర్క్యూట్‌కు దాదాపు నకలు. టోన్ స్టాక్ కూడా అదే, స్లోప్ రెసిస్టర్ అప్పటికింకా 56 కిలో ఓమ్‌లే. అయినా రెండూ ఒకేలా పలకవు. ఎందుకంటే బాస్‌మన్ మొదటి ట్యూబ్ 12ఏవై7, యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 40కి కాస్త పైన. మార్షల్ వాడింది ఈసీసీ83, అంటే 12ఏఎక్స్7, దానిది 100. ముందు దశలోనే గెయిన్ పెరిగిపోయింది. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ రెండింటిలోనూ 27 కిలో ఓమ్‌లే అయినా, ఫెండర్ దాన్ని 2 ఓమ్‌ల ఔట్‌పుట్ నుంచి తీసుకుంటే మార్షల్ 16 ఓమ్‌ల ట్యాప్ నుంచి తీసుకుంది, అక్కడ వోల్టేజి దాదాపు 2.8 రెట్లు, అంటే వెనక్కి వెళ్లే సిగ్నల్ ఎక్కువ. ట్రాన్స్‌ఫార్మర్లు వేరు. అన్నిటికంటే పెద్దది స్పీకర్: వెనక తెరిచి ఉన్న పెట్టెలో నాలుగు 10 అంగుళాల జెన్సెన్‌ల బదులు, అన్ని వైపులా మూసిన పెట్టెలో 12 అంగుళాల సెలెస్టియన్‌లు. ఒకే సర్క్యూట్ పటం, రెండు యాంప్‌లు. తర్వాతి సంవత్సరాల్లో ఈఎల్34 ట్యూబులు, 33 కిలో ఓమ్‌ల స్లోప్ రెసిస్టర్ చేరాక మనం ఇవాళ మార్షల్ అనే స్వరం స్థిరపడింది.

ఇందులోంచి మీరు పట్టుకెళ్లాల్సింది స్పీకర్ మాట. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక దబ్బున పడిపోతుంది, దాని కింద కూడా తనదైన ఎత్తుపల్లాలు ఉంటాయి. ఒకే హెడ్‌ను (స్పీకర్ లేని విడి యాంప్‌ను) సెలెస్టియన్‌వే గ్రీన్‌బ్యాక్ స్పీకర్ మీద, వింటేజ్ 30 మీద విని చూస్తే, ఒకే క్యాబినెట్ మీద రెండు హెడ్‌లు విన్నదానికంటే తేడా ఎక్కువ అనిపించడం మామూలే. సెన్సిటివిటీ లెక్కలోనూ గ్రీన్‌బ్యాక్ 98 డెసిబెల్‌లు, వింటేజ్ 30 100 డెసిబెల్‌లు. ఆ 2 డెసిబెల్‌లు అంటే యాంప్‌ను సుమారు ఒకటిన్నర రెట్లు పెద్దది చేసినట్టు. పోలికగా చెప్పాలంటే, ఒకే స్పీకర్ మీద 22 వాట్ల డీలక్స్ కంటే 85 వాట్ల ట్విన్ ఎక్కువ ఇచ్చేది 6 డెసిబెల్‌లే. చెవికి శబ్దం రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 కావాలి. వాట్లు చూసి యాంప్ కొనేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే బాగుంటుంది.

ఇక పోల్చే పద్ధతి. మోడలింగ్ యాంప్‌లో ప్రతి ప్రీసెట్ తన సొంత క్యాబినెట్‌తో వస్తుంది. ముందు అన్నిటికీ ఒకే క్యాబ్ (క్యాబినెట్) పెట్టండి, మూసిన 4x12 (నాలుగు 12 అంగుళాల స్పీకర్లు) అయినా తెరిచిన 1x12 అయినా సరే, ఒకటే ఉండాలి. రివర్బ్, డిలే, నాయిస్ గేట్, కోరస్ అన్నీ ఆపండి. అసలు హెడ్‌లతో అయితే ఒకే క్యాబినెట్‌కు మార్చి మార్చి కలపండి, హెడ్, క్యాబ్‌ల ఓమ్‌లు సరిపోయాయో లేదో ప్రతిసారీ చూసుకోండి. ట్యూబ్ హెడ్‌ను స్పీకర్ లేకుండా ఆన్ చేసి వాయించకూడదు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. హెడ్‌కీ క్యాబ్‌కీ మధ్య గిటార్ కేబుల్ వాడకూడదు. చూడ్డానికి జాక్ ఒకటే, కానీ లోపలి సన్నటి వైరు ఆ కరెంటుకు సరిపోదు. కేబుల్ వేడెక్కి తెగినా, షార్ట్ అయినా నష్టపోయేది మళ్లీ ట్రాన్స్‌ఫార్మరే. ట్యూబ్ యాంప్‌ను 15-20 నిమిషాలు వేడెక్కనిచ్చాకే వినడం మొదలుపెట్టండి.

మీ చేతిని కూడా పోలికలోంచి తీసెయ్యాలి. మనకు తెలియకుండానే మెరుపున్న యాంప్‌లో మెల్లగా, మొద్దు యాంప్‌లో గట్టిగా మీటుతాం. లూపర్ పెడల్‌ను (వాయించింది రికార్డు చేసి మళ్లీ మళ్లీ వినిపించేదాన్ని) యాంప్‌కు సరిగ్గా ముందు పెట్టి 30 సెకన్ల ముక్క ఒకటి రికార్డు చెయ్యండి. అందులో ఇవి ఉండాలి: ఓపెన్ ఈ మేజర్ ఒక్కసారి మీటి ఆరేదాకా వదలడం, అదే కార్డ్ విడివిడి తీగలుగా, లావు తీగ మీద పామ్ మ్యూట్, రెండో తీగ 12వ ఫ్రెట్ దగ్గర ఒక పొడుగు స్వరం, చివర్లో ఒకే స్వరాల వరస మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. గిటార్ వోల్యూమ్ 10, పికప్ ఒక్కటే, కేబుల్ ఒక్కటే. కేబుల్ ఎందుకంటే మామూలు గిటార్ కేబుల్ మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌లు ఉంటుంది. 3 మీటర్లది తీసి 6 మీటర్లది పెడితే స్ట్రాట్ మెరుపు కాస్త కిందికి దిగుతుంది. ఆ పాపం యాంప్ మీద పడుతుంది.

కంప్యూటర్ మీద చేస్తే గిటార్‌ను ఇంటర్‌ఫేస్‌లో 1 మెగా ఓమ్ ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌కు ఇచ్చి పొడి (యాంప్, ఎఫెక్ట్ ఏదీ కలవని) సిగ్నల్ రికార్డు చెయ్యండి, రీయాంప్ బాక్స్ (లైన్ సిగ్నల్‌ను గిటార్ స్థాయికి దించే పెట్టె) ద్వారా యాంప్‌కు పంపండి. బాక్స్ లేకుండా లైన్ ఔట్ నేరుగా యాంప్‌కు ఇస్తే సిగ్నల్ మరీ ఎక్కువైపోయి, ఏ యాంప్ అయినా ముందే చిట్లుతుంది, అప్పుడు అన్నీ ఒకేలా వినిపిస్తాయి. స్థాయి సరిచూసుకోవడానికి గిటార్‌ను నేరుగా యాంప్‌లో పెట్టి ఏ వోల్యూమ్ దగ్గర చిట్లుతోందో గుర్తుపెట్టుకోండి. రీయాంప్ చేసిన సిగ్నల్ కూడా అక్కడే చిట్లేదాకా బాక్స్ లెవెల్ సర్దండి. మైక్ పెట్టేటట్లయితే ఎస్ఎం57ను గ్రిల్‌కు 2-3 సెంటీమీటర్ల దూరంలో, స్పీకర్ మధ్య గుండ్రటి టోపీ కోన్‌ను కలిసే అంచుకు ఎదురుగా ఉంచి, స్టాండ్ కాళ్ల చోట్లు నేల మీద టేపుతో గుర్తు పెట్టండి. మైక్ 2 సెంటీమీటర్లు పక్కకు జరిగితే వచ్చే మార్పు, ట్రెబుల్ నాబ్ రెండంకెలు తిప్పినదానికి తక్కువేం కాదు. వీడియోలు చూసి యాంప్‌లను అంచనా వేయలేమని చెప్పేది ఇందుకే, ఎవరి మైక్ ఎక్కడుందో మనకు తెలియదు.

తర్వాత శబ్ద స్థాయి. ఒకే సిగ్నల్‌ను 1 డెసిబెల్ ఎక్కువ పెడితే ఎక్కువైందని తెలియదు, "బాగుంది" అని మాత్రం అనిపిస్తుంది. రెక్టిఫైయర్ మీకు అదిరిపోవడంలో ఇది పెద్ద భాగం. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి, సీ వెయిటింగ్, స్లో అనే సెట్టింగులు ఎంచుకుని, స్పీకర్‌కు మీటరు దూరంలో కదలకుండా ఉంచి, ప్రతి యాంప్‌నూ ఒకే అంకెకు తెండి. యాప్ చూపే అంకె నిజమా కాదా అన్నది పట్టించుకోవక్కర్లేదు, అన్నిటికీ అదే అంకె వస్తే చాలు. రికార్డింగులైతే పీక్ చూసి సరిచెయ్యకండి, ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తెలిసే సగటు శబ్ద స్థాయి కొలత) చూడండి. క్లీన్ స్వరంలో మీటిన క్షణం ఎత్తుగా లేచి వెంటనే పడిపోతుంది, డిస్టార్షన్ అణిగిపోయి నిండుగా ఉంటుంది. పీక్‌లు సమానం చేస్తే డిస్టార్షన్ ఉన్నదే ఎప్పుడూ చాలా గట్టిగా వినిపిస్తుంది.

అన్నీ 75-80 డెసిబెల్‌ల దగ్గర వినండి. అంతకంటే బాగా తక్కువలో మన చెవికి కింది స్వరాలు, పై స్వరాలు సరిగా అందవు. అందుకే రాత్రిపూట చిన్న శబ్దంలో మిడ్స్ కోసేసిన టోన్‌లు నిండుగా, అందంగా అనిపిస్తాయి. అవే టోన్‌లు బ్యాండ్‌లోకి వెళ్లగానే కనపడకుండా పోతాయి. కింద బేస్ గిటార్, కిక్ డ్రమ్ ఉంటాయి, పైన సింబల్స్ ఉంటాయి, గిటార్‌కు మిగిలేది 500 నుంచి 2000 హెర్ట్జ్ దాకా ఉన్న జాగా. ఇంట్లో మీకు మొరటుగా అనిపించిన ప్లెక్సీ నిలబడేది సరిగ్గా అక్కడే. కాబట్టి డ్రమ్స్, బేస్ ఉన్న ట్రాక్ ఒకటి వేసుకుని దానితో పాటు కూడా వినండి, తీర్పు తారుమారు కావచ్చు.

పెట్టె గోడకు ఆనించి వినకండి. డీలక్స్, ట్విన్, ఏసీ30 వెనక తెరిచి ఉంటాయి, వెనకనుంచి వచ్చే శబ్దం గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది. మూసిన మార్షల్ క్యాబ్‌కు ఆ గొడవ తక్కువ. టైల్స్ నేల మీద, మూలలో పెట్టిన కాంబోలో బేస్ ఉబ్బి, పైన గణగణలాడుతుంది. కుర్చీ మీద పెట్టి, గోడకు కనీసం అర మీటరు ఎడం ఇవ్వండి. చెవి స్పీకర్ ఎత్తులో ఉండాలి. 12 అంగుళాల స్పీకర్ ట్రెబుల్‌ను టార్చిలైటులా ఎదురుగా వేస్తుంది, యాంప్ నేలమీద మీ మోకాళ్లకు వాయిస్తుంటే ట్రెబుల్ చాల్లేదనుకుని పెంచేస్తారు. ఎదురుగా కూర్చున్నవాళ్లు చెవులు మూసుకుంటారు.

చివరిగా, ఏది మోగుతోందో మీకు తెలియకూడదు. ఇంకొకరిని రెండేసి యాంప్‌ల మధ్య మార్చమనండి, మీరు కాగితం మీద రాయండి. పదిసార్లలో 9 సరిగ్గా చెబితే అది గాలివాటం కాదు, ఊరికే చెబితే అలా జరిగే అవకాశం దాదాపు నూటికి 1. ఆరు, ఏడు దగ్గర ఆగితే ఆ రెండు యాంప్‌ల తేడా కోసం డబ్బు పెట్టక్కర్లేదు.

నాబ్‌లు ఎక్కడ మొదలుపెట్టాలన్నది స్ట్రాట్‌కు చెబుతాను. డీలక్స్ రకానికి వోల్యూమ్ 4, ట్రెబుల్ 5, బేస్ 3. ట్విన్‌కు వోల్యూమ్ 3, ట్రెబుల్ 5, మిడిల్ 7, బేస్ 3, బ్రైట్ స్విచ్ ఆఫ్. టాప్ బూస్ట్‌కు వోల్యూమ్ 5-6, ట్రెబుల్ 4, బేస్ 4, కట్ 3 నుంచి మొదలు. ప్లెక్సీకి రెండు ఛానెళ్లనూ కలపండి: గిటార్ బ్రైట్ ఛానెల్ మొదటి జాక్‌లో, దాని రెండో జాక్ నుంచి చిన్న ప్యాచ్ కేబుల్ నార్మల్ ఛానెల్ మొదటి జాక్‌కు. బ్రైట్ 5, నార్మల్ 6, బేస్ 3, మిడిల్ 7, ట్రెబుల్ 4, ప్రెజెన్స్ 3. పలచగా ఉంటే బేస్ ముట్టుకోకుండా నార్మల్ వోల్యూమ్ పెంచండి, ఒంట్లోకి కండ వస్తుంది. జేసీఎం800కు ప్రీయాంప్ 6, మిడిల్ 7, బేస్ 4, ట్రెబుల్ 5. రెక్టిఫైయర్‌కు గెయిన్ 5 దాటొద్దు, మిడిల్ 6, ప్రెజెన్స్ 3. హంబకర్ (జంట కాయిల్ పికప్) గిటార్ అయితే అన్నిటా బేస్, గెయిన్ ఒక్కో అంకె దించండి. రోలాండ్ జేసీ-120 ఎదురైతే అది ట్రాన్సిస్టర్ యాంప్, 1975 నుంచీ ఉన్నది. కోరస్ ఆపి వింటేనే పోలిక. దాని క్లీన్‌కు తిరుగులేదు, సొంత డిస్టార్షన్ మాత్రం మర్చిపోండి.

ఈ అంకెలు కూడా మొదటి మెట్టే. ప్రతి యాంప్‌లో ముందు బ్రేకప్ అంచును వెతకండి, ఆ తర్వాత బేస్, ఆఖరున ట్రెబుల్. ఈ వరస తప్పితే మళ్లీ మొదటికొస్తారు, ఎందుకంటే వోల్యూమ్ కదిలిన ప్రతిసారీ ట్రెబుల్ కూడా కదులుతుంది.

ఏది కొనాలంటే: ఫ్లాట్‌లో ఉంటూ పెడల్స్‌తో రకరకాల పాటలు వాయించాలంటే డీలక్స్ రకం, అదీ 22 వాట్లకు మించకుండా. కార్డ్స్ మోగించడం ఎక్కువైతే, గిటార్ వోల్యూమ్ నాబ్‌తోనే క్లీన్, క్రంచ్ మార్చుకునే అలవాటుంటే, ఏసీ30 తమ్ముడు ఏసీ15 చాలు. మాస్టర్ వోల్యూమ్ (ప్రీయాంప్ డిస్టార్షన్ తగ్గకుండా శబ్దం తగ్గించే నాబ్) లేని పాత పద్ధతి మార్షల్‌ను రిహార్సల్ గది ఉన్నవాళ్లే కొనాలి. అటెన్యుయేటర్ (యాంప్‌కీ స్పీకర్‌కీ మధ్య ఉండి శబ్దం తగ్గించే పెట్టె) పెట్టి 20 డెసిబెల్‌లు దించితే 50 వాట్లది అర వాట్ అవుతుంది, నిజమే. కానీ స్పీకర్ కోన్ గట్టిగా కదలడంవల్ల వచ్చే భాగం పోతుంది, మీరు డబ్బు పెట్టింది కొంత దానికే కదా.

అమెరికాలో చవకగా దొరుకుతోందని అక్కడున్న బంధువుల చేత తెప్పించుకునే ఆలోచన ఉంటే వెనక ప్లేటు చూడమనండి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే ఇక్కడి 230 వోల్టులకు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ప్లేటు మీది వాట్లకు రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకోండి. ఇక్కడి 50 హెర్ట్జ్ మీద యాంప్ సొంత ట్రాన్స్‌ఫార్మర్ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది, మొదటి గంట చెయ్యి పెట్టి చూసుకుంటూ ఉండండి. ప్రయాణాలకు అమ్మే చిన్న తేలికపాటి కన్వర్టర్లు దీనికి పనికిరావు. స్టెప్‌డౌన్‌లో మూడో పిన్, అంటే ఎర్త్, ఇటునుంచి అటు నిజంగా కలిసి ఉందో లేదో మల్టీమీటర్‌తో చూడండి. చాలావాటిలో సాకెట్‌కు మూడు రంధ్రాలుంటాయి, లోపల వైర్లు రెండే ఉంటాయి. ఎర్త్ లేకపోతే వచ్చే హమ్‌ను స్ట్రాట్ సింగిల్ కాయిల్ పికప్ మీద తోసేసి ఊరుకుంటారు. తీగ మీద చెయ్యేసి మైక్‌కు పెదవి తగిలించినప్పుడు చురుక్కుమంటే, అది టోన్ సమస్య కాదు, వెంటనే ప్లగ్ పీకెయ్యండి.